చట్టం కంటికి ఆనని దాంపత్యం

వివాహం ఇద్దరి మధ్య కుదిరే ఒప్పందమని కొందరు పెద్దలు అంటారు. రెండు కుటుంబాలను కలిపే సంబంధమని మరికొందరు అంటారు. ఆధునిక కాలంలో ఈ శుభకార్యానికి పిలవకుండానే వచ్చి కూర్చునే మూడవ పక్షం ఒకటి ఉన్నది. అది ప్రభుత్వం. ఖాజీగారు నికాహ్ చదివించినా, పురోహితుడు మాంగల్యధారణ చేయించినా, పాదిరీ ప్రమాణాలు పలికించినా, కట్టకడపట రిజిస్టరులో ఒక గుమాస్తా వ్రాసే పంక్తి మీదనే భార్య భార్యగాను, బిడ్డ వారసుడుగాను నిలబడే రోజులివి. ఆ పంక్తి వ్రాయడానికి ప్రభుత్వం నిరాకరించినప్పుడు మనుషుల బ్రతుకులు ఏమవుతాయన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

దక్షిణాఫ్రికా దేశం 2006వ సంవత్సరంలో పురుషునికి పురుషునితోను, స్త్రీకి స్త్రీతోను జరిగే వివాహానికి చట్టబద్ధత కల్పించింది. నెదర్లాండ్స్, బెల్జియం, స్పెయిన్, కెనడాల తరువాత ప్రపంచంలో ఇది అయిదవ దేశం; ఆఫ్రికా ఖండంలో మొదటిది, నేటికీ ఏకైకం. ఇటువంటి విషయం మన కళాశాల వార్షిక సంచికలో ఎందుకని సంఘసభ్యులలో కొందరు కనుబొమలు ముడివేయవచ్చు. వారి అసమ్మతిని నేను గౌరవిస్తాను. కాని అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొనే విద్యార్థికి ఈ దేశపు వివాహచరిత్ర తెలియవలసినంతగా మరెవ్వరికీ తెలియనక్కరలేదని నా అభిప్రాయం. కారణం మనవి చేస్తాను.

1913 మార్చి 14వ తేదీన కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు చెప్పినాడు. పోర్ట్ ఎలిజబెత్ పట్టణంలో క్షురకవృత్తితో జీవిస్తున్న హసన్ ఈసప్ అనే భారతీయుడు స్వదేశానికి వచ్చి, బాయి మరియమ్ అనే ఆమెను వివాహమాడి, ఆమెను తన వద్దకు తీసుకొని పోదలచినాడు. ఇమిగ్రేషన్ అధికారులు ఆమెకు ప్రవేశం లేదన్నారు. అతడు న్యాయస్థానం మెట్లెక్కినాడు. బహుభార్యత్వాన్ని అనుమతించే మతవిధి ప్రకారం జరిగిన వివాహాన్ని ఈ దేశపు చట్టం వివాహంగా ఎంచదని న్యాయమూర్తి తేల్చినాడు. హసన్ ఈసప్‌కు ఉన్నది ఒక్కతే భార్య. అయినా ఆ వాదం చెల్లలేదు; అతడు ఎందరిని పెండ్లాడినాడన్నది కాదు, ఎందరిని పెండ్లాడే అవకాశం ఉన్నదన్నదే ప్రశ్న అయి కూర్చున్నది.

ఒక్క కలంపోటుతో ఆ దేశంలోని హిందూ, ముస్లిం, పారశీక గృహిణులందరి దాంపత్యం సందేహంలో పడింది. నిన్నటిదాకా ఇల్లాలు, నేడు చట్టం భాషలో ఉంపుడుగత్తె. కన్నబిడ్డలకు తండ్రి ఆస్తిలో పాలు ఉంటుందో ఉండదో చెప్పగలవారు లేరు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి తొలి కూలీలను డర్బను రేవులో దింపినది మొదలు, చెరకుతోటలలో ఎముకలు అరగదీసుకొన్న వారిలో మన తెలుగువారూ అనేకులు ఉన్నారు. వారి వంశీకులే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. ఆ తీర్పు నీడ వారి పందిళ్ల మీద కూడా పడింది.

అంతవరకు సత్యాగ్రహానికి దూరంగా ఉంచబడిన స్త్రీలు రంగంలోకి దిగినది ఈ సందర్భంలోనే. 1913 సెప్టెంబరులో కస్తూర్బా ఫీనిక్స్ ఆశ్రమం నుండి బయలుదేరిన జట్టుతో ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి, మూడు నెలల కఠినశిక్ష పొందింది. శిక్షాకాలంలో జబ్బుపడిన వల్లియమ్మ అనే తమిళ బాలిక విడుదలైన కొద్దిదినాలకే, 1914 ఫిబ్రవరిలో, కన్నుమూసింది. మూడు పౌన్ల పన్ను కోసం గనికూలీలు పనిమానినారన్న సంగతి చరిత్రపుస్తకాలలో ఉంటుంది. పెండ్లికి గుర్తింపు కోసం ఆడవారు జైలుకు పోయినారన్నది మాత్రం ఒక వాక్యంలో దాటిపోతుంది. నా దృష్టిలో ఈ రెండవదే పెద్ద సంగతి. పన్ను డబ్బుతో తీరుతుంది. ‘నీవు ఈయనకు ఏమీ కావు’ అని ప్రభుత్వం అన్నప్పుడు దానిని ఏ నాణెంతో తీర్చగలం?

1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం ఒక్క భార్య ఉన్నవారి వివాహాన్ని నమోదు చేసుకోవడానికి దారి ఇచ్చింది. గాంధీగారు జయించి ఓడ ఎక్కినారు. కాని కథ అక్కడ ముగిసిందనుకొంటే పొరపాటు. నమోదైన వివాహం ఆ దేశపు సాధారణచట్టం కిందికి పోతుంది. నమోదు కాని నికాహ్ చట్టం కంటికి ఆనదు. వేలాది ముస్లిం కుటుంబాలు నమోదు జోలికి పోక తమ విధి ప్రకారమే వివాహాలు చేసుకొంటూ వచ్చినాయి. 1983లో ఒక ముస్లిం స్త్రీ తనకు రావలసిన మెహరు, భరణం ఇప్పించమని అత్యున్నత అప్పీలు న్యాయస్థానం దాకా వెళ్లింది. అటువంటి దాంపత్యం ప్రజానీతికి విరుద్ధమని చెప్పి ఆ న్యాయస్థానం ఆమెను వట్టిచేతులతో పంపివేసింది. సెర్ల్ తీర్పుకు డెబ్బది సంవత్సరాల తరువాత వినిపించిన మాట ఇది.

ఇంతలో ఆ దేశాన్ని ఏలుతున్న వర్ణవివక్ష ప్రభుత్వం దాంపత్యాల మీద మరింత కన్ను వేసింది. 1949 నాటి మిశ్రమవివాహ నిషేధ చట్టం తెల్లవారికి, ఇతరులకు మధ్య పెండ్లిని నేరం చేసింది. పోలీసులు అర్ధరాత్రి తలుపులు తట్టి పరుపుల వెచ్చదనం పరీక్షించేవారు. పురుషుల మధ్య సంబంధం పూర్వం నుండీ నేరమే. చాలదన్నట్టు 1969లో ఒక సవరణ తెచ్చి, ‘పార్టీ’లో పురుషులు కామప్రేరకంగా మసలుకొనడాన్ని కూడా నేరం చేసినారు. పార్టీ అంటే ఏమిటి? ఇద్దరికి మించి మనుషులున్న ఏ సందర్భమైనా పార్టీయేనట! శాసనకర్తలకు పరిహాసం చేయడం రాదనుకొంటాము గాని, అప్పుడప్పుడు అనుకోకుండానే చేస్తుంటారు. మిశ్రమవివాహ నిషేధం 1985లో రద్దయింది. ఈ రెండవ నేరం మాత్రం మరి పదమూడేండ్లు నిలిచి ఉన్నది.

రంగు చూసి పెండ్లి ఆపిన చట్టానికీ, లింగం చూసి పెండ్లి ఆపిన చట్టానికీ సంబంధం ఉన్నదని ఆ దేశపు స్వాతంత్ర్యయోధులలో అందరూ ఒప్పుకోలేదు. ఒప్పించినవారిలో సైమన్ ఎన్‌కోలీ అనే నల్లజాతి యువకుడు ముఖ్యుడు. డెల్మాస్ రాజద్రోహం కేసులో ఇతర నాయకులతో కలిసి ఖైదులో ఉండగా తాను స్వలింగాసక్తుడనని సహముద్దాయిలకు చెప్పినాడు. మొదట కలవరపడినారు, వాదించుకొన్నారు, చివరకు అతనితోనే బోనులో నిలిచినారు. ఆ సహముద్దాయిలలో ఒకడైన లెకోటా 2006లో ఆ దేశపు రక్షణమంత్రి. పార్లమెంటులో ఆ బిల్లు చర్చకు వచ్చినప్పుడు ఆయన లేచి, పోరాటంలో మన పక్కన నిలబడి కష్టాలు పంచుకొన్నవారికి గెలిచిన హక్కులను పంచి ఇవ్వమని ఎట్లా చెప్పగలమన్న భావంతో ప్రసంగించినాడు. ఎన్‌కోలీ అప్పటికి జీవించి లేడు, 1998లోనే మరణించినాడు.

1996 రాజ్యాంగంలో తొమ్మిదవ నిబంధన జాతి, మతం, భాష, లింగం మొదలైన వాటితోపాటు లైంగిక ప్రవృత్తిని కూడా పేర్కొని, ఆ కారణంగా ఎవరిపట్లనూ అన్యాయమైన వివక్ష చూపరాదని శాసించింది. ప్రపంచంలో మరే దేశపు జాతీయ రాజ్యాంగమూ అంతకుముందు ఈ మాట అనలేదు. విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. మతం పేరిట వివక్ష కూడదన్న మాట, ఈ మాట, ఒకే వాక్యంలో ఉన్నాయి. ఒకదానిని కత్తిరించి రెండవదానిని భద్రపరచుకోవడం వ్యాకరణానికే సాధ్యం కాదు.

ఆ వాక్యం ఆధారంగా న్యాయస్థానాలలో మెట్టు వెనుక మెట్టు కట్టినారు. 1998లో రాజ్యాంగ న్యాయస్థానం పురుషుల మధ్య సంబంధం నేరం కాదన్నది. 1999లో విదేశీయుడైన సహచరునికి దేశంలో నివసించే హక్కు ఇచ్చింది. 2002లో ఒక మహిళా న్యాయమూర్తి తన జీవితసహచరికి తన పింఛను ప్రయోజనం చెందాలని కోరి గెలిచింది. అదే సంవత్సరం ఇద్దరు స్త్రీలు తాము పెంచుతున్న పిల్లలను ఉమ్మడిగా దత్తత చేసుకొనే హక్కు సాధించినారు. ఇవన్నీ వినడానికి పొడి వ్యవహారాలు. కాని పరిశీలించండి: ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు సంతకం ఎవరు చేయాలి? పోయినవారి పేర ఉన్న ఇంట్లో మిగిలినవారు ఉండవచ్చునా, లేక ఏనాడూ గడపతొక్కని అన్నదమ్ములు వచ్చి తాళం వేయవచ్చునా? వివాహం విలువ పెండ్లినాడు కంటె చావునాడు ఎక్కువ తెలుస్తుంది.

ప్రిటోరియాకు చెందిన ఇద్దరు స్త్రీలు 1994 నుండి కలిసి జీవిస్తూ, ముక్కముక్కలుగా హక్కులు అక్కరలేదు, అందరివలె వివాహం చేసుకోనిండని అడిగినారు. క్రింది కోర్టు త్రోసిపుచ్చింది. 2004లో సుప్రీం అప్పీలు కోర్టు వివాహానికి ఉన్న పాత నిర్వచనాన్ని మార్చింది గాని, 1961 నాటి వివాహచట్టంలో వధూవరులు పలకవలసిన ప్రమాణవాక్యంలో ‘భార్య లేదా భర్త’ అన్న మాట అడ్డుపడింది. 2005 డిసెంబరు 1వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానం తుదితీర్పు ఇచ్చింది. వ్రాసినవాడు జస్టిస్ ఆల్బీ సాక్స్. వర్ణవివక్ష ప్రభుత్వపు గూఢచారులు 1988లో మపూటో నగరంలో ఆయన కారుకు బాంబు అమర్చగా, కుడిచేయి, ఒక కంటిచూపు పోగొట్టుకొని బ్రతికిన మనిషి.

ఆయన తీర్పులో మన చర్చకు పనికివచ్చే భాగం మతాన్ని గురించినది. విశ్వాసుల మాటను ఆయన మూఢత్వమని కొట్టివేయలేదు. కోట్లాది ప్రజలకు మతం జీవనాధారమని అంగీకరించినాడు. ఏ మతసంస్థనూ తన విశ్వాసానికి విరుద్ధమైన వివాహం జరిపించమని ప్రభుత్వం ఒత్తిడి చేయరాదన్నాడు. కాని ఒకరి మతవిశ్వాసం మరొకరి పౌరహక్కుకు కొలబద్ద కారాదని కూడా అన్నాడు. వివాహం సంతానం కోసమే కదా అన్న వాదానికి ఆయన జవాబు సూటిగా ఉన్నది: సంతానం లేనివారిని, వృద్ధాప్యంలో పెండ్లాడినవారిని ఆ వాదం ఎంత నొప్పిస్తుందో ఆలోచించమన్నాడు. పార్లమెంటుకు ఒక సంవత్సరం గడువు ఇచ్చినారు. గడువు అక్కరలేదు, ప్రమాణవాక్యంలో ‘జీవితభాగస్వామి’ అన్న ఒక్క మాట చేర్చితే నేటి నుండే చాలునని జస్టిస్ ఓరిగన్ విడిగా వ్రాసింది. నాకు ఆమె మార్గమే సరళంగా తోస్తుంది.

ఇక్కడ ఒక సంగతి. ఈ తీర్పుకు ఇరువది నెలల ముందు, 2004 మార్చిలో, ఇదే సాక్స్ మరొక తీర్పు వ్రాసినాడు. కేప్‌టౌన్‌లో నికాహ్ విధి ప్రకారం వివాహమైన ఒక స్త్రీకి భర్త వీలునామా లేకుండా మరణించినాడు. చట్టరీత్యా ఆమె ‘భార్య’ కాదు గనుక తాను కాపురమున్న ఇంటికి ఆమె వారసురాలు కాదని అధికారులు అన్నారు. ‘భార్య’ అనే పదానికి ఉన్న సహజార్థంలోనే ఈమె కూడా ఇమిడిపోతుంది, ఇన్నాళ్లు ఆమెను వెలుపల ఉంచినది భాష కాదు, దురభిమానం అని సాక్స్ తేల్చినాడు. అంతకుముందు 1999లో, ఆ దేశానికి తొలి నల్లజాతి ప్రధానన్యాయమూర్తి అయిన భారతసంతతి ముస్లిం ఇస్మాయిల్ మహమ్మద్, కారు ప్రమాదంలో భర్తను కోల్పోయిన ముస్లిం వితంతువుకు నష్టపరిహారం హక్కు ఉన్నదని చెప్పి ఉన్నాడు. నిఖానామాకు తలుపు తీసిన చేయి, ఆ ఇద్దరు స్త్రీలకు తలుపు తీసిన చేయి ఒక్కటే. ఒకటి పుణ్యమని, రెండవది పాపమని మనం అనుకోవచ్చు. తర్కం మాత్రం ఒకటే.

2006లో బిల్లుపై రాష్ట్రాలన్నిటిలో బహిరంగ విచారణలు జరిగినాయి. వచ్చి మాట్లాడినవారిలో అత్యధికులు వ్యతిరేకించినారు. మతపెద్దలు, సంప్రదాయ నాయకులు ఏకకంఠంగా నిరసించినారు. అయినా నవంబరు 14న జాతీయసభ 230 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా 41 ఓట్లు. పాలకపక్షం తన సభ్యులకు స్వేచ్ఛ ఇవ్వక, పార్టీ ఆజ్ఞ మేరకు ఓటు వేయించింది. నవంబరు 30న చట్టం అమలులోకి వచ్చింది. ప్రజల అభిప్రాయాన్ని కాలరాచి తెచ్చిన చట్టమని విమర్శించేవారు ఉన్నారు. ఇది చిన్న విమర్శ కాదు. అయితే 1913లో ఆ దేశపు ఓటర్లను అడిగి ఉంటే నికాహ్‌ను, సప్తపదిని వివాహమని ఒప్పుకొని ఉండేవారా? సంఖ్యాబలమే పెండ్లికి సాక్ష్యమైతే అల్పసంఖ్యాకుల ఇంట పందిరి లేవదు. ఈ వాదాన్ని మనం మన కోసం మాత్రమే దాచుకోవడం న్యాయం కాదు.

మనవారిలో నిజాయితీగా వినిపించే అభ్యంతరం మరొకటి ఉన్నది. ధర్మశాస్త్రం నిషేధించినదానిని చట్టం ఎట్లా ఆమోదిస్తుంది? ఈ ప్రశ్న వేసేవారిని ఛాందసులని తోసివేయడం తేలిక; నేను ఆ పని చేయను. కాని వారినే ఒక మాట అడుగుతాను. బ్యాంకు వడ్డీ చట్టసమ్మతం. అంతమాత్రాన అది హలాల్ అయిందా? విడాకులను చట్టం ఇస్తుంది. కాథలిక్ చర్చి నేటికీ ఒప్పుకోదు. ఆ చర్చిని ఎవరూ బలవంతం చేయలేదు. ప్రభుత్వ ముద్ర అనేది ఫత్వా కాదు, ఆశీర్వచనమూ కాదు. ఇద్దరు వయోజనులు పరస్పరం బాధ్యత వహిస్తామని చెప్పినప్పుడు, సరే వహించండి, ఇకపై తప్పించుకోలేరని వ్రాసుకోవడమే దాని పని. దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం ఏ మతశాఖ అయినా తానుగా దరఖాస్తు పెట్టుకొంటేనే దాని గురువులకు ఇటువంటి వివాహాలు జరిపించే అధికారం వస్తుంది. అడగని మౌల్వీని, పూజారిని ఆ చట్టం తాకదు. అది ఉండవలసిన కట్టుబాటే.

నాకు నచ్చనిది వేరొకటి. ఆ చట్టంలోని ఆరవ సెక్షను, మనస్సాక్షి ఒప్పుకోదంటే ప్రభుత్వోద్యోగి కూడా ఈ వివాహాలు నమోదు చేయడానికి నిరాకరించవచ్చునన్నది. గురువు వేరు, గుమాస్తా వేరు. గురువు తన విశ్వాసులకు జవాబుదారీ. గుమాస్తా జీతం అందరి పన్నుల నుండి వస్తుంది. ఈరోజు వీరికి నమోదు చేయనని అన్నవాడు, రేపు మతాంతర దంపతులకు చేయనంటాడు, ఎల్లుండి బురఖా వేసుకొని వచ్చిన వధువును చూసి కలం మూస్తాడు. కొన్ని పట్టణాలలో జంటలు ఆఫీసు నుండి ఆఫీసుకు తిరగవలసి వచ్చింది. 2020లో సవరణచట్టం తెచ్చి ఆ సెక్షనును తొలగించినారు. పదునాలుగేండ్లు పట్టింది.

పాత 1961 చట్టాన్ని ముట్టుకోకుండా వీరికి వేరే చట్టం పెట్టడం కూడా సరిపోలేదు. మొదటి ముసాయిదాలో ‘వివాహం’ అన్న మాటే లేదు. ‘పౌరభాగస్వామ్యం’ అన్న నీరుకావి పదం పెట్టినారు. విమర్శలు వచ్చిన తరువాత ‘వివాహం’, ‘పౌరభాగస్వామ్యం’ రెంటిలో దంపతులు కోరినది వ్రాసుకోవచ్చునని మార్చినారు. తెల్లవారికి ఒక బెంచీ, నల్లవారికి ఒక బెంచీ వేసిన దేశంలో వేరు ద్వారాల సంగతి వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మరి నికాహ్ మాట? ఇక్కడే కథ చేదెక్కుతుంది. 2006లో ఒకే లింగానికి చెందిన జంటలకు పూర్తి గుర్తింపు వచ్చింది. ముస్లిం వివాహాల బిల్లు చర్చలలో నలిగిపోయింది. పెద్దలలో ఏకాభిప్రాయం కుదరలేదు. విడాకులప్పుడు ముస్లిం స్త్రీకి ఆస్తిపంపకం, పిల్లల రక్షణ విషయంలో ఇతర స్త్రీలకు ఉన్న ఆసరా లేదు. మహిళల న్యాయసహాయ సంస్థ ఒకటి ఏండ్ల తరబడి వ్యాజ్యం నడపగా, 2022 జూన్ 28న రాజ్యాంగ న్యాయస్థానం ముస్లిం వివాహాలను గుర్తించకపోవడం రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. విడాకుల చట్టసవరణ 2024 మేలో జరిగింది. బాయి మరియమ్ నాటి నుండి లెక్కిస్తే నూటపదకొండు సంవత్సరాలు. ‘వాళ్లకు ముందు ఇచ్చి మాకు వెనుక ఇస్తారా’ అన్న రుసరుస అక్కడి సమాజంలో వినిపించకపోలేదు. రుసరుస అర్థమవుతుంది. కాని ఆ ఆలస్యానికి కారకులు ఆ జంటలు కారు. ఒకరి రేషన్ తగ్గించి మరొకరికి తూచే సరుకు కాదు గుర్తింపు.

చట్టం వచ్చినంతమాత్రాన వీధి మారుతుందా? మారలేదు. దక్షిణాఫ్రికా జాతీయ మహిళా ఫుట్‌బాల్ జట్టులో ఆడిన యూడీ సిమలానే స్త్రీలను ప్రేమించే స్త్రీగా తన ఊరిలో అందరికీ తెలిసిన మనిషి. 2008 ఏప్రిల్‌లో ఆ ఊరిలోనే ఆమెను అత్యాచారం చేసి చంపినారు. కేప్‌టౌన్‌లో స్వలింగాసక్తులైన ముస్లిములకోసం చిన్న మసీదు నడుపుతూ, తానూ అటువంటివాడనని బహిరంగంగా చెప్పుకొన్న ఇమామ్ ముహ్సిన్ హెండ్రిక్స్‌ను 2025 ఫిబ్రవరి 15న దుండగులు కారులోనే కాల్చి చంపినారు. అక్కడి ముస్లిం న్యాయమండలి ఆయన బోధలను ఏనాడూ ఒప్పుకోలేదు. హత్యను మాత్రం ఖండించింది. ఆ ఖండన రావలసినదే, వచ్చింది. హత్య జరిగిన నగరం గెబేహా. దాని పాతపేరు పోర్ట్ ఎలిజబెత్. హసన్ ఈసప్ మంగలిదుకాణం నడిపిన ఊరు.

మన దేశం సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షను పరిధి నుండి వయోజనుల అంగీకృత సంబంధాలను తప్పించింది. 1954 నాటి ప్రత్యేకవివాహ చట్టం కింద తమ వివాహాన్ని గుర్తించమని హైదరాబాదులో నివసించే ఒక జంటతో సహా పలువురు వేసిన పిటిషన్లపై 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. వివాహమాడడం ప్రాథమికహక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. కనీసం కలిసి జీవించే బంధానికైనా గుర్తింపు ఇవ్వాలన్న ఇద్దరి మాట ముగ్గురి ముందు ఓడిపోయింది. పని పార్లమెంటుకు వదిలినారు. పునర్విచారణ కోరిన పిటిషన్లు 2025 జనవరిలో త్రోసివేయబడినాయి. అదే నెలలో థాయిలాండులో ఇటువంటి వివాహాలు మొదలైనాయి; తైవాన్ 2019లోనే ఆ పని చేసింది. మన న్యాయస్థానం మతవివాహచట్టాల జోలికి పోకుండా ప్రత్యేకవివాహ చట్టానికే విచారణను పరిమితం చేసుకొన్నది. ఆ చట్టం కింద పేర్లు నెలరోజులు నోటీసుబోర్డు మీద వ్రేలాడవలసి వచ్చే మతాంతర వధూవరుల అవస్థ మనవారికి కొత్త కాదు గదా!

కొందరు మిత్రులు ఈ చర్చ మన విద్యార్థుల వయస్సుకు తగదని అన్నారు. ఓటుహక్కు వచ్చిన వయస్సు, వివాహయోగ్యమైన వయస్సు, ఇంకెప్పుడు తగుతుంది? మన తరగతులలోనే మనస్సులో మాట ఎవ్వరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న వారు లేరని ఎవరు పూచీ పడగలరు? వారిని గురించి మనం హేళనగా వాడే మాటలు వారి చెవిన పడుతూనే ఉంటాయి.

వక్తృత్వ సంఘానికి ఒక సూచన చేసి విరమిస్తాను. సాక్స్ వ్రాసిన ఆ రెండు తీర్పులూ, అనగా 2004లో ముస్లిం వితంతువుకు వారసత్వం ఇచ్చినది, 2005లో ఇద్దరు స్త్రీలకు వివాహం ఇచ్చినది, ఉచితంగా లభిస్తాయి. మొదటిది తెలుగు విభాగం విద్యార్థులు, రెండవది ఉర్దూ విభాగం విద్యార్థులు చదివి, ఒకరి సారాంశాన్ని మరొకరి భాషలోకి మార్చుకొని, రానున్న విద్యాసంవత్సరంలో ఒక మధ్యాహ్నం చర్చకు కూర్చోవచ్చు. వ్యతిరేకవాదం వినిపించడానికి అరబ్బీ ఉపన్యాసకులను, రాజనీతిశాస్త్ర ఉపన్యాసకులను పిలవాలి. వారి వాదం బలంగా ఉంటేనే చర్చ చర్చగా ఉంటుంది. గది కేటాయించవలసినది కార్యదర్శిగారు. పరీక్షల నెల కాకుండా చూస్తే చాలు.